కళ్లు మూసుకుని వాడే సెట్టు

పెళ్లిరోజు కానుకగా వచ్చిన రేడియోకీ రాగిణికీ పెట్టె విప్పిన పూటే చెడింది. అత్తాకోడళ్ల మధ్యనైనా మొదటి నెల కాస్త మర్యాద నడుస్తుంది. వీళ్లిద్దరి మధ్య అదీ లేదు.

దాని రూపంలో వంక పెట్టడానికేం లేదు. ఇటుకంత పెట్టె, నల్లగా నిగనిగలాడుతుంది. ముందువైపు ఒక తెర, దాని కింద నాలుగు బటన్లు, పక్కన ఉసిరికాయంత నాబ్. మిగతా సంసారమంతా తెర లోపల మెనూల్లో ఉంటుంది. ప్రసారం పవర్ తగ్గించాలంటే ముప్ఫై ఎనిమిదో మెనూ. మోర్స్ కీ వేగం మార్చాలంటే పన్నెండోది. వెనక్కి రావాలంటే ఏ బటన్ ఎంతసేపు నొక్కాలో పుస్తకం చూడాలి, ఆ పుస్తకం నూట నలభై పేజీలు.

దాన్ని కొన్నవాడు ఆమె భర్త దివాకర్. డాలస్ పక్కన ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బుద్ధిమంతుడు. రైస్ కుక్కర్ దగ్గర్నుంచి కారు వరకు ఎక్సెల్ షీట్ వేయకుండా ఏదీ కొని ఎరగడు. భార్య రేడియో సరదా చూసి ముచ్చటపడి, పది రేడియోలకు ఇరవై మూడు కాలమ్‌లతో షీట్ వేశాడు. బాగున్నచోట ఆకుపచ్చ రంగు, బాగాలేనిచోట ఎరుపు. ఆకుపచ్చ ఎక్కువ వచ్చినదాన్ని తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ప్రేమతోనే చేశాడు పాపం, ప్రేమకి కూడా కాలమ్‌లు గీసుకునే మనిషి.

రాగిణికి అది సరదా అనుకోవడమే అతని మొదటి పొరపాటు. కాకినాడ పోలీసు వైర్‌లెస్ స్టేషన్‌లో ఆమె తొమ్మిదేళ్లు ఆపరేటర్‌గా చేసింది. ఎడమచెయ్యి సెట్టు మీద, కుడిచెయ్యి చుక్కలు, గీతల కూతలతో అక్షరాలు పంపే మోర్స్ కీ మీద, చూపు మెసేజ్ ప్యాడ్ మీద. అక్కడ అందరికీ నేర్పేది అదే. ఒక నవంబరు తుఫానులో కరెంటు పోయి, లాంతరు కూడా ఆరిపోతే, కోనసీమ నుంచి వచ్చిన మెసేజ్‌లను ఆమె బ్యాటరీ మీద నడిచే సెట్టులో చీకట్లోనే అందుకుంది. ఎన్ని ఊళ్లు మునిగాయో, పడవలు ఎక్కడికి కావాలో, ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఆ పని వదులుకుని రెండు వేల ఐదులో హెచ్‌-ఫోర్ వీసా మీద డాలస్‌లో దిగింది.

హెచ్‌-ఫోర్ అంటే భర్త వెంట వచ్చిన భార్యకిచ్చే వీసా, ఉద్యోగం చేయకూడదు. బ్యాంకు కాగితమైనా, ఇన్సూరెన్స్ కాగితమైనా, వీసా రెన్యూవల్ అయినా ఫారాలన్నీ దివాకరే నింపేవాడు. అతని చేతిరాత ముత్యాల కోవ. ఆమె పేరు పక్కన ‘డిపెండెంట్’, అంటే భర్త మీద ఆధారపడ్డ మనిషి, అని కూడా ముత్యాల్లాగే రాసేవాడు. ఆ మాట చూసిన ప్రతిసారీ రాగిణికి ఒళ్లు మండేది. అందులో అతని తప్పేం లేదని తెలిసినా మండేది.

అలాంటి రోజుల్లో ఆమె కంటపడింది అమెచ్యూర్ రేడియో. ప్రభుత్వం పెట్టే పరీక్షలు రాసి, తనకంటూ ఒక కాల్ సైన్, అంటే గాల్లో పిలిచే గుర్తుపేరు, తెచ్చుకుని, ఇంట్లోంచే లోకంలో ఎవరితోనైనా వైర్‌లెస్‌లో మాట్లాడుకోవడం. జీతం ఉండదు కాబట్టి హెచ్‌-ఫోర్ అడ్డం రాదు. రాగిణి అందుకు కావలసిన రెండు పరీక్షలూ ఒకే పూటలో పాసైంది. పోస్టులో వచ్చిన లైసెన్సు మీద ఆమె పేరు ఉంది, కాల్ సైన్ ఉంది, భర్త పేరు ఎక్కడా లేదు. ఆ కాగితానికి ఫ్రేము కట్టించి, పూజగదికి ఎదురుగా గోడకి కొట్టింది. కాలనీ అసోసియేషన్ వాళ్లు పెరట్లో తీగ కట్టనివ్వకపోతే, తనే నిచ్చెనెక్కి అటక మీద చూరు పొడుగునా ఏంటెనా కట్టుకుంది.

ఊళ్లో రేడియో క్లబ్బువాళ్లు నెలకోసారి ఫైర్ స్టేషన్ హాల్లో కలుస్తారు. ప్రెసిడెంటు డేల్‌కి డెబ్బై దగ్గర పడ్డాయి, మనిషి మెత్తన. ఆ మే నెల మీటింగ్‌లో అతను ఫీల్డ్ డే సంగతి ఎత్తాడు. ఏటా జూన్‌లో ఒక శనివారం దేశంలోని క్లబ్బులన్నీ రేడియోలు పట్టుకుని ఏదో ఒక మైదానంలో దిగుతాయి. లైన్ కరెంటు వాడకుండా, బ్యాటరీల మీదే, మర్నాటి దాకా ఎంతమందిని అందుకోగలిగితే అంతమందిని అందుకోవాలి. మోర్స్‌లో అందుకుంటే పాయింట్లు రెట్టింపు. అయితే ఈ క్లబ్బులో మోర్స్ నడిపే వాల్టర్ అనే పెద్దాయన పోయినప్పటి నుంచి, రెండేళ్లుగా మోర్స్ కోసం వేసే టెంట్ ఖాళీగానే ఉంటోంది.

“నేను కూర్చుంటాను” అని రాగిణి చెయ్యెత్తింది.

పదిమంది మగవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. డేల్ సంతోషంగా, “అయితే ఒకసారి చూపించమ్మా” అన్నాడు. రాగిణి సంచిలోంచి కొత్త రేడియో తీసి, హాల్లో ఉన్న ఏంటెనాకి తగిలించి పిలిచింది. కాన్సస్ నుంచి ఒకాయన పలికాడు. రెండు మాటలయ్యేసరికి అతని మోర్స్ స్వరం కాస్త పక్క ఫ్రీక్వెన్సీకి జరిగింది. ఇదేమంత పెద్ద విషయం కాదు. మన ప్రసారం కదలకుండా వినడం మాత్రం కాస్త జరుపుకోవాలి. పాత సెట్లలో దానికి వేరే చిన్న నాబ్ ఉంటుంది, ఎడమచేతి చిటికెనవేలికి అందేచోట. ఇందులో అది మెనూలో ఉంది. రాగిణి కీ వదిలి, కళ్లజోడు సర్దుకుని, బటన్ నొక్కింది. తెర మీద ఇంకేదో వచ్చింది. మళ్లీ నొక్కింది. తలెత్తేసరికి కాన్సస్ ఆయన వెళ్లిపోయాడు.

ఎవరో దగ్గారు. డేల్ ఆమె భుజం తట్టి, “పరవాలేదు, వచ్చే ఏడు చూద్దాం” అన్నాడు. ఆ తిట్టని తిట్టే ఆమెకి ఎక్కువ తగిలింది. వారం తిరక్కుండా ఫీల్డ్ డే జాబితా ఈ-మెయిల్‌లో వచ్చింది. మోర్స్ టెంట్ ఎదురుగా ఖాళీ. భోజనాల వరసలో, రాగిణి: సమోసాలు.

తొమ్మిదేళ్ల సర్వీసు, ఒక తుఫాను, రెండు పరీక్షలు. అన్నీ కలిపి సమోసాలు.

ఆ ఆదివారం ఇంటికి భోజనానికొచ్చిన శశికళకు రాగిణి జరిగిందంతా చెప్పుకుంది. శశికళది వరంగల్, మూడిళ్ల అవతల ఉంటుంది, మనసులో ఏదీ దాచుకోదు. 

“గా డబ్బాతోని నీకేం పనే? ఇండియాకు మాట్లాడాల్నంటే కాలింగ్ కార్డ్ ఉన్నది, స్కైప్ ఉన్నది. దాంతోని ఏం ఫాయిదా చెప్పు” అంది.

“ఫాయిదా ఏం లేదు. నాకు ఇష్టం” అంది రాగిణి.

“మరి ఇష్టమైతే కొత్తది వాడుడు ఎందుకు వస్తలేదు?”

“అది బాలేదు.”

దివాకర్ గరిటె పెరుగు గిన్నెలోనే ఆపేశాడు. “బాలేదు అంటే ఎలా రాగిణీ? రివ్యూల్లో ఫోర్ పాయింట్ ఎయిట్. రిసీవర్ స్పెక్స్ దాని క్లాస్‌లో బెస్ట్. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.”

నవ్వుతూనే అన్నాడు. శశికళ కూడా నవ్వింది. రాగిణి నవ్వలేదు.

“మద్దెల నిజంగానే ఓడైతే ఏం చెయ్యాలండీ? అప్పుడు కూడా ఆడేదాన్నే అనాలా?” అంది.

“సరే, నీకేం కావాలో చెప్పు. రిక్వైర్‌మెంట్స్ చెప్తే మళ్లీ సెర్చ్ చేస్తాను. ‘బాలేదు’ అనేదానికి కాలమ్ ఉండదు కదా. రిటర్న్ విండో కూడా ఇంకా రెండు వారాలే ఉంది.”

ఏం కావాలో రాగిణికి తెలుసు, మాటల్లోకి రావడం లేదు. పట్టుకుంటే హాయిగా ఉండాలి అంటే ఇంజనీరు ముందు అది మాటేనా? ఆ రాత్రంతా తనమీద తనకే అనుమానం వచ్చింది. చెయ్యే మొద్దుబారిందేమో, వంక మద్దెల మీద పెడుతోందేమో. దీన్ని తిప్పి పంపేసి, లైసెన్సు గోడకి వేలాడదీసుకుని ఊరుకుంటే పోతుందేమో అని కూడా అనుకుంది. అలా అనుకున్నందుకు తనని తానే క్షమించుకోలేదు.

మర్నాడు పొద్దున్న పప్పుచారుకి పోపు పెడుతోంది. నూనె కాగింది. కళ్లు పప్పు మీద ఉన్నాయి, ఎడమచెయ్యి పోపుల పెట్టెలోకి వెళ్లింది. ఆవాలు, మెంతులు, జీలకర్ర, ఎండుమిర్చి వరసగా వచ్చి నూనెలో పడ్డాయి. ఆ చెయ్యి ఒక్కసారి కూడా ఆమెని అడగలేదు. రాగిణి అలాగే నిలబడిపోయింది. పోపుల పెట్టెకి గనక మెనూ ఉండి ఉంటే, జీలకర్ర వెతికేలోపు ఆవాలు మాడి బొగ్గయ్యేవి.

స్టవ్ కట్టేసి, ఆఫీసుకి తయారవుతున్న దివాకర్ దగ్గరికి గరిటెతోనే వెళ్లింది.

“మీ షీట్‌లో ఇరవై నాలుగో కాలమ్ వెయ్యండి. ‘కళ్లు మూసుకుని వాడొచ్చా?’ అని.”

“దానికి డేటా ఎక్కడ దొరుకుతుంది?”

“నా చేతుల్లో దొరుకుతుంది. ఈ శనివారం స్వాప్ మీట్ ఉంది, తీసుకెళ్లండి. లేకపోతే నేనే డ్రైవ్ చేసుకుని పోతాను.”

దివాకర్ ఆమె మొహం చూశాడు, గరిటె చూశాడు. “వెళ్దాం” అన్నాడు.

స్వాప్ మీట్ అంటే ఒక చర్చి పార్కింగ్‌లో జరిగే సంత. కారు డిక్కీలు తెరుచుకుని, బల్లలు వేసుకుని, పాత రేడియోలు, తీగల చుట్టలు అమ్ముకుంటారు. రాగిణి ఏ బల్ల దగ్గర ఆగినా అమ్మేవాడు దివాకర్‌తోనే మాట్లాడాడు. “మీవారికి నచ్చేది వెతుకుతున్నారా మేడమ్?” అని ఒకాయన ఆమెనే అడిగాడు. ఆమె జవాబు చెప్పకుండా కళ్లు మూసుకుని అతని రేడియో మీద చెయ్యి పెట్టింది. పక్కబల్ల వాళ్లు మోచేతులతో పొడుచుకుని నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు, నాపచేనే పండుతుందని ఆమె తర్వాతి బల్లకి నడిచింది. ఒకదాని నాబ్ వదులు. ఇంకోదాని బటన్లన్నీ ఒకే సైజు, వేలికి ఏది ఏదో తెలియదు. మరోదాని నాబ్‌లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. దివాకర్ వెనకాలే నడుస్తూ ఫోన్‌లో నోట్ చేసుకుంటున్నాడు. ఎనిమిది చూశాక ఎనిమిదింటికీ ఎరుపే.

చివరి వరసలో చెట్టు నీడన ఒక ముసలావిడ మడతకుర్చీలో కూర్చుని ఉంది. బెట్టీ అని చొక్కాకి పేరు తగిలించుకుంది. ఎదురుగా ఒకే ఒక సెట్టు. పాతికేళ్లనాటిది, జపాన్‌లో తయారైంది, సూట్‌కేసంత ఉంది. ముందంతా నాబ్‌లు, మధ్యలో గుప్పెడంత పెద్దది. కారు బ్యాటరీకి కలిపి, చెట్టుకొమ్మకి తీగ వేసి ఉంచింది.

రాగిణి మర్యాదగా, “ఇది మీ ఆయనదా?” అని అడిగింది.

బెట్టీ కళ్లజోడు మీంచి చూసింది. “మా ఆయనకి కాలింగ్ బెల్లు బిగించడం కూడా రాదు. ఇది నాది” అంది.

పొద్దుటి నుంచి రాగిణి ఎవరెవరి మీద పళ్లు కొరుక్కుందో, వాళ్లందరి పొరపాటూ తనే చేసింది. “క్షమించండి, ఆ మాట అనకూడనిదాన్ని నేనే” అంది. బెట్టీ లేచి కుర్చీ ఖాళీ చేసింది.

రాగిణి కూర్చుంది. కళ్లు మూసుకుంది. ఎడమచెయ్యి పెద్ద నాబ్ మీద వేసి వేలితో ఒక్క తిప్పు తిప్పింది. అది బరువుగా, మెత్తగా తిరిగి, వేలు తీశాక కూడా ఇంకా కాస్త తిరిగి ఆగింది. చెవుల్లో స్టేషన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి పోయాయి. చిటికెనవేలు చాపింది. వినడం జరుపుకునే చిన్న నాబ్ అక్కడే ఉంది. దాని పైన వాల్యూమ్, గరుకు అంచుతో. దాని పక్కన పవర్, నున్నటి అంచుతో. ప్రతిదీ వేలికి వేరే రకంగా తగిలింది. ఒరెగాన్‌లో ఒకాయన పిలుస్తుంటే రాగిణి పక్కనున్న మోర్స్ కీ మీద పలికింది. అతని స్వరం జరిగితే చిటికెనవేలు దానంతటదే జరిపింది. నాలుగేళ్ల తర్వాత రాగిణికి తన చేతులు తిరిగొచ్చాయి.

కళ్లు తెరిచేసరికి బెట్టీ ఆమె చేతినే చూస్తోంది. “నా చెవులు పోయాయి. ఇప్పుడు వెళ్తున్న అపార్ట్‌మెంట్‌లో తీగ కట్టనివ్వరు కూడా. పొద్దుటి నుంచి ముగ్గురు వచ్చారు. ముగ్గురూ నిలబడే అడిగారు, కూర్చున్నది నువ్వొక్కదానివే” అంది.

దివాకర్ తెలుగులోకి దిగాడు. “రాగిణీ, డిస్‌ప్లేలో ఒక అంకె వెలగట్లేదు చూడు. పార్ట్స్ దొరకవు. వారంటీ లేదు. కొత్తది చేతిలో పెట్టుకుని ఈ పాత ఇనుము ఎందుకు?”

“అంకె వెలక్కపోతే ఏం? నేను దాన్ని చూడను కదా.”

“తా వలచింది రంభ అంటే ఇదే!”

“అవును, ఇదే. నేను వలచిందే నాకు రంభ. కానుక మీరిచ్చారు, దానికి దండం పెడతాను. దాంతో ఆడాల్సింది మాత్రం నేను. మద్దెల నేనే ఎంచుకుంటాను.”

పార్కింగ్‌లో పదిమంది వింటున్నా ఆమె గొంతు తగ్గించలేదు. దివాకర్ ఫోన్‌లో ఇరవై నాలుగో కాలమ్‌లో ఆకుపచ్చ నొక్కి, ఫోన్ జేబులో పెట్టుకుని, బెట్టీకి డబ్బులిచ్చి, సెట్టుని రెండు చేతులా ఎత్తాడు. దాని బరువుకి అతని నడుం వంగింది. కారులో దానికి సీట్ బెల్టు కూడా పెట్టాడు.

కొత్త రేడియో గడువులోనే తిరిగి వెళ్లిపోయింది. రిటర్న్ ఫారంలో కారణం కింద పాడైంది, పగిలింది, వేరేది వచ్చింది అని మూడే గడులు ఉన్నాయి. ఈసారి రాగిణి కలం తనే తీసుకుని, మూడూ వదిలేసి, ఖాళీ జాగాలో ‘నాకు నచ్చలేదు’ అని రాసి సంతకం పెట్టింది.

జూన్ వచ్చింది. ఫీల్డ్ డే శనివారం పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. మైదానానికి బయల్దేరుతుంటే దివాకర్ నసిగాడు. “డేల్ గారి లిస్టులో సమోసాలు అని ఉంది కదా. దార్లో ఇండియన్ స్టోర్‌లో రెండు డజన్లు తీసుకుందామా? బావుండదేమో...”

“ఒక్కటి కూడా వద్దు” అంది రాగిణి. “సమోసాలు తీసుకెళ్తే సమోసాల దగ్గరే కూర్చోబెడతారు.”

మైదానంలో నాలుగు టెంట్లు వేసి ఉన్నాయి. వచ్చినవాళ్లు గేటు దగ్గర పేర్లు రాయాలి. రాగిణి ఆగలేదు. కీ చేత్తో పట్టుకుని నేరుగా ఖాళీ టెంట్‌లోకి నడిచింది. వెనక దివాకర్ సెట్టు మోసుకుంటూ, మళ్లీ వెళ్లి బ్యాటరీ మోసుకుంటూ వచ్చాడు. తీగ తనే విసిరి, తనే కట్టి, పోటీ మొదలయ్యే ఒంటిగంటకి పదినిమిషాలు ఉందనగా ఆమె కుర్చీలో కూర్చుంది. అప్పుడొచ్చాడు డేల్, చేతిలో జాబితాతో.

“రాగిణీ, సమోసాలు?”

“తేలేదు. సెట్టు తెచ్చాను.”

డేల్ ఇబ్బందిగా టోపీ సర్దుకున్నాడు. “కోపం తెచ్చుకోకు. నీకు మోర్స్ వచ్చని తెలుసు. కానీ ఆ రోజు...”

“ఆ రోజు తప్పు నాదే. నాది కాని సెట్టు పట్టుకొచ్చి మీ ముందు కూర్చున్నాను. ఇది నాది. రెండేళ్లుగా ఈ టెంట్ ఖాళీగా పెట్టుకున్నారు, నేను కూర్చుంటే దీనికంటే ఖాళీ అవుతుందా? ఒక్క గంట చూడండి. నచ్చకపోతే అప్పుడు నన్ను వంటకి పంపండి. వెళ్తానో లేదో మాత్రం నా ఇష్టం.”

డేల్ గడియారం చూసుకున్నాడు. ఒంటిగంట అయింది.

రాగిణి కళ్లు మూసుకుంది. పక్కనే దివాకర్ లాప్‌టాప్ మీద తువ్వాలు కప్పుకుని, అందులో తల దూర్చి, పలికినవాళ్ల లాగ్ రాయడానికి సిద్ధంగా ఉన్నాడు. ఎండకి తెర మీద ఏమీ కనబడటం లేదు. పక్క టెంట్లలో కొత్త రేడియోల వాళ్లు కూడా అట్టముక్కలు అడ్డం పెట్టుకుని తెరల కోసం తంటాలు పడుతున్నారు. రాగిణికి ఎండా నీడా ఒకటే. పిలిచింది. అర్కాన్సా పలికింది. ఆమె విన్నది విన్నట్టు చెప్పింది, దివాకర్ రాశాడు. తర్వాత కొలరాడో. తర్వాత టెనెసీ, మినెసోటా. ఒకడు జరిగితే చిటికెనవేలు జరిపింది. ఇద్దరు ఒకరి మీద ఒకరు పడితే బొటనవేలు విడదీసింది. అరగంటకి దివాకర్ వేళ్లు ఆమెని అందుకోలేక, “కాస్త ఆగు, కాస్త ఆగు” అనడం మొదలుపెట్టాడు. ఆమె ఆగలేదు. మధ్యమధ్యలో నవ్వుతోంది, ఆ సంగతి ఆమెకే తెలియదు.

డేల్ ఎంతసేపు నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. గంట తిరిగేసరికి జాబితా మోకాలి మీద పెట్టుకుని సమోసాల మాట కొట్టేశాడు. మోర్స్ టెంట్ ఎదురుగా రాగిణి కాల్ సైన్ రాశాడు. గేటు దగ్గర వాళ్లు రాయకుండా వచ్చేసిన పేర్ల పుస్తకం కూడా దివాకర్ ముందు పెట్టి వెళ్లాడు.

ఫారం కనబడితే దివాకర్ కలం ఆగదు. మొదటి వరసలో ఆమె పేరు, కాల్ సైన్, ‘ఆపరేటర్’ అని ముత్యాల్లా రాశాడు. రెండో వరసలో తన పేరు రాసి ఆగిపోయాడు. కాల్ సైన్ గడి ఖాళీ. దాని పక్కన, లైసెన్సు లేనివాళ్లు ఎవరితో వచ్చారో, వాళ్లకి ఏమవుతారో రాయాలి.

“ఇక్కడ నేనేం రాయాలి?” అన్నాడు.

రాగిణి కళ్లు తెరవలేదు. ఎడమచెయ్యి నాబ్ మీద నుంచి తీయలేదు.

“‘డిపెండెంట్’ అని రాయండి” అంది.

దివాకర్ ఆమె వంక చూశాడు. నాలుగేళ్లలో ఆ మాట ఎన్ని ఫారాల్లో రాశాడో అతనికి లెక్క లేదు, తన పేరు పక్కన మాత్రం ఇదే మొదటిసారి. ఎండకో మరి దేనికో అతని మొహం ఎర్రబడింది. తల వంచుకుని, ఒక్కొక్క అక్షరమే నిదానంగా రాశాడు.

చెవుల్లో నెబ్రాస్కా నుంచి ఎవరో పిలుస్తున్నారు. “రాసుకోండి” అంది రాగిణి.